ఇంటి మొక్కలకు వామన రూపం: హయత్‌నగర్ మిద్దెతోటలకు అనువైన పద్ధతులు

ప్రత్యేక వ్యాసం

హయత్‌నగర్ (రంగారెడ్డి జిల్లా): బోన్సాయ్ అనగానే దశాబ్దాల వయస్సు, అధిక ధర, నిపుణుల చేయి అవసరమైన మరుగుజ్జు చెట్టు స్ఫురిస్తుంది. అయితే ప్రతి ఇంట కనిపించే చామంతి, మిరప, తులసి, జేడ్, ఫైకస్ వంటి మొక్కలను కూడా కత్తిరింపు, తలలు తుంచడం, తీగ కట్టడం అనే మూడు పనులతో ఒక్క ఋతువు నుంచి మూడు, నాలుగు సంవత్సరాల లోపు ముదురు చెట్టు ఆకృతికి తీసుకురావచ్చును. ఖర్చు స్వల్పం, స్థలం స్వల్పం. మొక్క చనిపోయినా నష్టం స్వల్పమే కనుక నేర్చుకొనేవారికి ఇది సరైన తొలిమెట్టు.

ఒక విషయాన్ని మాత్రం ఆరంభంలోనే స్పష్టం చేయవలసి ఉన్నది. ఈ పద్ధతిలో మొక్కకు చెట్టు రూపం వస్తుంది గాని చెట్టు వయస్సు రాదు. ఈ తేడా తెలియనందువల్ల కొనుగోలుదారులు లేత కొమ్మకు తీగ చుట్టిన మొక్కను ముదురు బోన్సాయ్‌గా భావించి మోసపోతున్నారు. ముదురు మాను కోసం రాతి గుట్టలపై, పాత గోడలపై సహజంగా గిడసబారిన మొక్కలను పెకలించే ధోరణికి కూడా ఈ అవగాహన లోపమే మూలం. పెంపకం పద్ధతులతో పాటు ఈ రెండు అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కళ పుట్టుపూర్వోత్తరాలు

పళ్ళెంలో చెట్టును, ప్రకృతి దృశ్యాన్ని నిలిపే కళ చైనాలో 'పెన్‌జింగ్' పేరుతో వికసించి, జపాన్ చేరి 'బోన్సాయ్'గా స్థిరపడింది. బోన్సాయ్ అనగా పళ్ళెంలో నాటినది అని అర్థం. 1923 నాటి కాంతో భూకంపంలో టోక్యో నగరం ధ్వంసమైన తరువాత అక్కడి వృత్తి పెంపకందారులు కొందరు నగరాన్ని విడిచి, 1925లో ఒమియాలో ప్రత్యేక గ్రామాన్ని ఏర్పరచుకొన్నారు. నేటికీ ఆ గ్రామం ఈ కళకు ప్రధాన కేంద్రాలలో ఒకటి. మన దేశంలో మైసూరులోని అవధూత దత్తపీఠంలో శ్రీ గణపతి సచ్చిదానంద స్వామీజీ నెలకొల్పిన కిష్కింధ మూలికా బోన్సాయ్ ఉద్యానవనం తెలుగు యాత్రికులకు సుపరిచితం.

సాధారణ మొక్కలతో ఈ పని చేయడం ఇటీవలి వింత కాదు. జపాన్‌లో చామంతిని ఒకే ఏడాదిలో వృద్ధ వృక్షం ఆకృతికి తెచ్చి శరదృతువులో ప్రదర్శించే సంప్రదాయం ఉన్నది. దక్షిణ చైనాలోని లింగ్‌నాన్ శైలివారు తీగపై ఆధారపడక, కత్తిరించడం, పెరగనివ్వడం, మరల కత్తిరించడం అనే క్రమంతోనే కొమ్మకు వంపు తెస్తారు. మెత్తని కాండం గల ఇంటి మొక్కలకు తీగ ఒరిపిడి త్వరగా మచ్చ చేస్తుంది కనుక లింగ్‌నాన్ పద్ధతి వీటికి ఎంతో అనువైనది.

హయత్‌నగర్ నేల, వాతావరణం

గోల్కొండ కుతుబ్‌షాహీ వంశపు రాణి హయాత్ బక్షీ బేగం పేర వెలసిన హయత్‌నగర్ చాలాకాలం పొలాల నడుమ ఉన్న ఊరు. ఎల్.బి.నగర్ మునిసిపాలిటీ 2007లో గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో విలీనమైన తరువాత విజయవాడ జాతీయ రహదారికి ఇరువైపులా కాలనీలు విస్తరించాయి. పెరడు లేని ఇళ్ళు, బాల్కనీ మాత్రమే ఉన్న ఫ్లాట్లు పెరిగిన కొద్దీ మొక్కలు మిద్దె మీదికి, కిటికీ గట్టు మీదికి చేరాయి. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుంచి విజయవాడ మీదుగా హైదరాబాదుకు వచ్చే దారి కూడా ఇదే.

కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా) పరిశోధన క్షేత్రం హయత్‌నగర్‌లో ఉన్నది. మెట్ట ప్రాంతపు ఎర్రనేలలు ఆ క్షేత్ర పరిశోధనలకు ఆధారం. ఈ నేలల స్వభావం ఒకటి కుండీ పెంపకందారులకు కూడా ముఖ్యం. వాన పడి ఆరగానే ఎర్రమట్టి పైపొర గట్టిగా పెచ్చు కట్టుతుంది. పొలంలో గుంటక తోలి ఆ పెచ్చును పగులగొట్టవచ్చును. నాలుగు అంగుళాల పళ్ళెంలో అది సాధ్యం కాదు. ఎర్రమట్టిని మాత్రమే నింపిన పళ్ళెంలో పోసిన నీరు అంచుల వెంట జారిపోయి, వేళ్ళున్న నడిభాగం ఎండిపోతుంది. ఈ ప్రాంతంలో పళ్ళెం మొక్కలు చనిపోవడానికి మే నెల ఎండ ఒక కారణమైతే, ఈ మట్టి మరొక కారణం.

రూపం ఏర్పడే విధానం

మొక్క కొనలోని చిగురు ఆక్సిన్ అనే హార్మోనును ఉత్పత్తి చేస్తుంది. అది కిందికి దిగుతూ పక్క మొగ్గలను నిద్రాణంగా ఉంచుతుంది. కొన తుంచగానే ఆ అదుపు తొలగి, దిగువ కణుపుల నుంచి రెండు లేదా మూడు పిల్ల కొమ్మలు వస్తాయి. వాటి కొనలను కూడా తుంచితే కొమ్మలు మరల చీలుతాయి. ఈ విధంగా మూడు, నాలుగు సార్లు చేసిన మొక్కకు ముదురు చెట్టుకు ఉండే దట్టమైన శిఖరం ఏర్పడుతుంది.

మాను మొదట లావుగా, పైకి పోను పోను సన్నగా ఉన్నప్పుడే కంటికి చెట్టుగా కనిపిస్తుంది. ఇందుకోసం ప్రధాన కాండాన్ని కురచగా కత్తిరించి, ఒక పక్క కొమ్మను కొత్త శిఖరంగా ఎదగనివ్వవలెను. అది తగినంత బలిసిన తరువాత దానిని కూడా కురచ చేయవలెను. ప్రతి కోత వద్ద ఒక వంపు, కొంత సన్నదనం వస్తాయి. మాను బలియడానికి ఆకు కావాలి. కనుక మొదటి దశలో మొక్కను పెద్ద కుండీలో స్వేచ్ఛగా పెంచి, రూపం కుదిరిన తరువాతనే పళ్ళెంలోనికి మార్చవలెను. లేత మొక్కను మొదటి రోజే చిన్న పళ్ళెంలో నాటితే అది ఏళ్ళ తరబడి పుల్లగానే ఉండిపోతుంది.

పదేపదే కత్తిరించడం వల్ల ఆకు పరిమాణం కొంత తగ్గుతుంది గాని పూవు, కాయ పరిమాణం తగ్గవు. అందువల్ల చిన్న పూలు, చిన్న కాయలు గల రకాలనే ఎంచుకోవలెను. పామ్ జాతులు, అరటి వంటి ఏకదళబీజ మొక్కలు కొన తుంచితే చెట్టువలె కొమ్మలు వేయవు కనుక ఈ పనికి తగవు. మనీప్లాంట్ వంటి తీగ జాతులకు మాను కట్టదు.

అనువైన మొక్కలు

చామంతి: ఒక్క సంవత్సరంలో ఫలితం చూపే మొక్క ఇది. పూలు ముగిసిన తరువాత జనవరి, ఫిబ్రవరి మాసాల్లో మొదలు చుట్టూ వచ్చే పిలకలను వేరుచేసి చిన్న కుండీల్లో నాటవలెను. చిన్న పూల రకాలు, కణుపులు దగ్గరగా ఉన్న రకాలు శ్రేష్ఠం. కాండం పచ్చిగా ఉండగానే సన్నని అల్యూమినియం తీగతో మానుకు వంపు తేవలెను. ముదిరిన కాండం పుటుక్కున విరుగుతుంది. నీరు తాగి నిగనిగలాడే ఉదయం వేళ కంటె, కొద్దిగా వడలిన మధ్యాహ్నం తరువాత కాండం సులువుగా వంగుతుంది. వేసవి అంతటా పలుచని నీడలో ఉంచి, ఆగస్టు చివరి వరకు కొనలు తుంచుతూ ఉండవలెను. తరువాత తుంచితే మొగ్గలు పోతాయి.

చామంతికి రాత్రి పొడవు పెరిగినప్పుడే మొగ్గ కడుతుంది. రాత్రంతా వీధిదీపం గాని బాల్కనీ బల్బు గాని మొక్కపై పడితే పూత ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు రాదు. సెప్టెంబరు నుంచి మొక్కను రాత్రివేళ చీకటిగా ఉండే చోట ఉంచవలెను. అక్టోబరులో మొగ్గ దశలో పళ్ళెంలోనికి మార్చితే నవంబరు, డిసెంబరు నాటికి పూలతో నిండిన చిన్న చెట్టు సిద్ధమవుతుంది. ఏడాది పొడవునా మొదట వచ్చే పిలకలను తీసివేయకపోతే మొక్క బలమంతా వాటికే పోతుంది.

మిరప: పొలంలో ఒక పంటకాలానికే వేసినా, మిరప స్వభావరీత్యా బహువార్షికం. కాపు ముగిసిన పాత మొక్కలో మొదలు కట్టెబారి ఉంటుంది. దానిని రెండు, మూడు కొమ్మల మొదళ్ళు మాత్రమే మిగిలేటట్లు కత్తిరించి, వేళ్ళను కడిగి, మూడో వంతు తగ్గించి చిన్న కుండీలో నాటితే కొద్ది వారాల్లో చిగురిస్తుంది. విదేశాలలో మిరప అభిమానులు దీనికి 'బోంచి' అని పేరు పెట్టారు. చిన్న కాయలు పైకి నిలిచి కాచే రకాలు అందంగా ఉంటాయి. తామర పురుగు వల్ల ఆకులు పైకి, నల్లి వల్ల కిందికి ముడుచుకొంటాయి. వంటింటి పక్కన ఉండే మొక్క, కోసుకొని తినే కాయ కనుక ఘాటైన రసాయనాలకు బదులు వేపనూనె ద్రావణం వాడడం మేలు.

తులసి, బిళ్ళగన్నేరు: రెండింటికీ మొదలు త్వరగా కట్టెబారుతుంది. తులసి వెన్నులను గింజ పట్టకముందే తీసివేస్తే మొక్క ఆయుష్షు పెరుగుతుంది. పూజలో ఉన్న కోట తులసిని కాక, వేరుగా మొలిచిన నారును ఎంచుకోవడం ఉచితం. బిళ్ళగన్నేరు మొండి మొక్క, ఎండను బాగా తట్టుకొంటుంది గాని నీరు నిలిస్తే కుళ్ళుతుంది.

జేడ్: నర్సరీల్లో ఈ పేరుతో అమ్మే మొక్కల్లో దక్షిణాఫ్రికాకు చెందిన పోర్చులకేరియా ఆఫ్రా ఉత్తమమైనది. ఆకుల్లో, కాండంలో నీరు నిలువ చేసుకొంటుంది కనుక రెండు రోజులు నీరు మరచినా చావదు. ఉద్యోగస్తుల ఇళ్ళకు, కార్యాలయాలకు ఇది తగినది. కొమ్మను కోసిన తరువాత రెండు, మూడు రోజులు నీడన గాయం ఆరనిచ్చి నాటవలెను. జడివానలో తడవకుండా చూడవలెను. కత్తిరింపు ఒక్కటే చాలు, తీగ దాదాపు అవసరం లేదు.

ఫైకస్: మర్రి, రావి, జువ్వి కుటుంబానికి చెందిన బెంజమినా, మైక్రోకార్పా రకాలు ఇంటి లోపలి వెలుతురుకు కొంత ఓర్చుకొంటాయి. లావు దుంపల వంటి వేళ్ళతో 'జిన్సెంగ్' పేరుతో విక్రయించేవి విత్తనం నుంచి వేళ్ళు ఊరనిచ్చి, పైన చిన్న ఆకుల రకాన్ని అంటు కట్టినవి. ఆ లావు వయస్సుకు గుర్తు కాదు.

ఎడారి గులాబీ (అడీనియం): మొదలు సహజంగా ఉబ్బి ఉండటం దీని ప్రత్యేకత. కుండీ మార్చిన ప్రతిసారి మొదలును ఒక సెంటీమీటరు పైకి తీసి నాటితే వేళ్ళు వెలుపలికి కనిపించి ముదురు రూపం వస్తుంది. హైదరాబాదు ఎండలకు బాగా సరిపోతుంది. ఇది గన్నేరు కుటుంబానికి చెందినది, పాలు విషపూరితం. ఆఫ్రికాలో బాణాల విషానికి దీని రసాన్ని వాడినారు. చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇళ్ళలో అందని ఎత్తున ఉంచవలెను, కత్తిరించిన తరువాత చేతులు సబ్బుతో కడుగుకోవలెను.

మట్టి, పళ్ళెం, నీరు

జల్లించిన ఎర్రమట్టి ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్టు ఒక పాలు, ముతక ఇసుక లేదా బఠాణీ గింజంత ఇటుక ముక్కలు ఒక పాలు కలిపిన మిశ్రమం చామంతి, మిరప, తులసి, ఫైకస్ మొక్కలకు సరిపోతుంది. జేడ్, అడీనియం మొక్కలకు ఇసుక, ఇటుక ముక్కలు సగానికి పైగా ఉండవలెను. పొడిగా మారిన దుమ్మును జల్లెడ పట్టి తీసివేయడం తప్పనిసరి.

అసలైన బోన్సాయ్‌కు వాడే రెండంగుళాల పళ్ళెం చామంతి, మిరప వంటి మెత్తని మొక్కలకు పనికిరాదు. వాటికి కనీసం నాలుగు అంగుళాల లోతు ఉండవలెను. అడుగున రెండు రంధ్రాలు, వాటిపై దోమతెర ముక్క ఉండాలి. కుమ్మరి చేసిన మట్టి మూకుడుకు రంధ్రాలు చేసి వాడినా సరిపోతుంది.

పళ్ళెంలో మట్టి తక్కువ కనుక వేసవిలో ఉదయం, సాయంత్రం రెండుసార్లు నీరు పోయవలెను. బోరు నీటిలోని లవణాలు మట్టిపై తెల్లగా పేరుకొంటాయి. నెలకు ఒకసారి అడుగు రంధ్రాల నుంచి ధారగా కారే వరకు నీరు పోసి ఆ లవణాలను కడగవలెను. పట్టి ఉంచిన వాననీరు ఇందుకు శ్రేష్ఠం. నానబెట్టి బాగా పలుచన చేసిన వేరుశనగ చెక్క తేటను పదిహేను రోజులకు ఒకసారి పోస్తే చాలు.

తీగను కొమ్మ మందంలో మూడో వంతు ఉండేటట్లు ఎంచి, నలభై ఐదు డిగ్రీల వాలుగా చుట్టవలెను. వానాకాలంలో కొమ్మ త్వరగా లావెక్కుతుంది కనుక వారానికి ఒకసారి పరిశీలించి, బెరడులోనికి దిగకముందే తీగను ముక్కలుగా కత్తిరించి తీసివేయవలెను. చుట్టు విప్పబోతే కొమ్మ విరుగుతుంది.

ఋతువుల వారీ పనులు

మార్చి నుంచి మే వరకు కత్తిరింపులు, కుండీ మార్పులు చేయరాదు. సగం ఎండను ఆపే షేడ్‌నెట్ కింద మొక్కలను కాపాడుకోవడమే ఈ కాలపు పని. కాంక్రీటు మిద్దె పగటి వేడిని రాత్రి వరకు వదులుతుంది కనుక పళ్ళేలను నేరుగా మిద్దెపై కాక చెక్క బల్లపై లేదా ఇటుకలపై ఉంచవలెను. జూన్‌లో తొలకరి పడిన తరువాత కొమ్మలు నాటడం, కుండీలు మార్చడం, గట్టి కత్తిరింపులు చేపట్టవచ్చును. జూలై, ఆగస్టు మాసాల్లో తలలు తుంచడం, తీగ కట్టడం కొనసాగించవలెను. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ప్రదర్శనకు అనువైన కాలం. చలికాలంలో జేడ్, అడీనియం మొక్కలకు నీరు బాగా తగ్గించవలెను.

అడవి, పాత గోడలు, దోమలు

ఎల్.బి.నగర్, హయత్‌నగర్ మధ్య వనస్థలిపురం వద్ద ఉన్న మహావీర్ హరిణ వనస్థలిని 1994లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 14.59 చదరపు కిలోమీటర్ల ఈ వనం నగరంలో మిగిలిన సహజ పొద అడవికి ఆశ్రయం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం జాతీయ ఉద్యానవనాల నుంచి అనుమతి లేకుండా మొక్కలను తొలగించడం నేరం. రాళ్ళ సందుల్లో గిడసబారిన మొక్క చూడముచ్చటగా ఉండవచ్చును. కాని దాని వేరు రాతి లోతుకు పోయి ఉంటుంది. పెకలించినప్పుడు ఆ వేరు తెగి, ఇంటికి చేరిన మొక్క తరచు బతకదు. అడవికి నష్టం, ఇంటికి లాభం శూన్యం.

పాత మసీదులు, గుడులు, బావుల గోడలపై మొలిచిన రావి, మర్రి మొక్కలను పీకడం మరింత ప్రమాదకరం. వేరుతో పాటు సున్నపు గచ్చు, రాయి ఊడివస్తాయి. రక్షిత కట్టడాలపై అటువంటి మొక్కలు కనిపించినప్పుడు పురావస్తు శాఖకు తెలియజేయవలెను. అదే రావి, మర్రి నారు ఇంటి కాలువ పక్కన, కాంపౌండు మూలల్లో ప్రతి వానాకాలం మొలుస్తూనే ఉంటుంది. దానిని తీసి పెంచడానికి ఎవరి అభ్యంతరం లేదు.

పళ్ళెం కింద పెట్టే సాసరులో నిలిచిన మంచినీటిలో డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. కనుక వారానికి ఒకరోజు తప్పనిసరిగా సాసరులను ఖాళీ చేసి, అంచులు రుద్ది, ఆరబెట్టవలెను. అంచులకు అంటిన గుడ్లు నీరు పారబోసినంత మాత్రాన పోవు. సాసరులో ఇసుక నింపి ఉంచడం మరొక సులభ ఉపాయం.

పాత్రికేయులు, అధికారులు గమనించవలసిన అంశాలు

మొక్క వయస్సును గూర్చి రాసేటప్పుడు మాను లావును ప్రమాణంగా తీసుకోరాదు. అడీనియం, జిన్సెంగ్ ఫైకస్ వంటివి కొద్ది ఏళ్ళలోనే ఉబ్బుతాయి. పాత కోతల గాయాలు మూసుకొన్న తీరు, కొమ్మల చీలికల సంఖ్య, మొదటి నుంచి శిఖరం వరకు క్రమంగా తగ్గే మందం పరిశీలించిన తరువాతనే నిర్ణయానికి రావలెను. చామంతి, మిరపలతో చేసిన రూపాలను 'బోన్సాయ్ తరహా' అని పేర్కొనడం సముచితం. దానివల్ల వాటి గౌరవం తగ్గదు, చదువరికి సరైన సమాచారం అందుతుంది.

కార్యాలయాలకు మొక్కలు కొనుగోలు చేసే అధికారులు, ఎ.సి. గదుల్లో ఏ బోన్సాయ్ అయినా శాశ్వతంగా ఉండజాలదని గుర్తించవలెను. ఒక జత మొక్కలు ఉంచుకొని, వారం లోపల, వారం వెలుతురులో మార్చుతూ ఉంటే ఫైకస్, జేడ్ నిలుస్తాయి. సెలవు దినాల్లో నీరు పోసే బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించకపోతే ఎంత ఖరీదైన మొక్క అయినా మూడు రోజుల్లో ఎండుతుంది.

పాఠశాలల్లో, మహిళా స్వయం సహాయక సంఘాల్లో ఈ పనిని పరిచయం చేయదలచినవారు చామంతితో ఆరంభించడం మేలు. విద్యార్థి జూన్‌లో బడి తెరిచిన నాడు నాటిన కొమ్మ ఆ విద్యాసంవత్సరం ముగియకముందే పూస్తుంది. సంఘం సభ్యులకు పెట్టుబడి కుండీ, మట్టి, తీగలకు మించదు. అమ్మేటప్పుడు మొక్క పేరు, నాటిన నెల, సంవత్సరం రాసిన చీటీ కట్టడం అలవాటు చేయవలెను. వయస్సును దాచి ఎక్కువ ధరకు ఒకసారి అమ్మినవారి వద్దకు కొనుగోలుదారు మరల రాడు. చీటీ చూసి కొన్నవారు మరుసటి ఏడాది మొక్కకు కత్తిరింపు చేయించుకోవడానికైనా తిరిగి వస్తారు.